ఇంటి ప్లాన్ అనుమతులు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఊరి చివర మా స్థలంలో సొంతంగా ఇల్లు కట్టుకుందామని నేనూ నా భార్యా ఏడాదిగా మీ ఆఫీసు మెట్లెక్కుతున్నాం. చంకలో పసిపిల్ల.

సెప్టిక్ ట్యాంకు బావికి దగ్గరగా ఉందని ఒకసారి ఫైలు వెనక్కొచ్చింది. న్యాయమే, జరిపి గీయించాం. తర్వాత దారి వెడల్పు అన్నారు. ఆ మాట మొదటిరోజే చెప్పొచ్చుగా?

మాది బంకనేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. వానలు పడకముందే పునాది తేలాలి. కాంక్రీటు అనుకున్న బలానికి రావడానికి 28 రోజులు పడుతుంది. ఫైలుకెన్ని రోజులో ఎవరూ చెప్పరు. సిమెంటు ముందే కొనడం మా తొందరపాటే. నిల్వ ఉన్నకొద్దీ దాని బలం తగ్గుతోంది.

మినహాయింపులు అడగడం లేదు. అభ్యంతరాలన్నీ ఒకేసారి, రాతపూర్వకంగా ఇప్పించండి.

ఇట్లు,
ఒక దరఖాస్తుదారు