చూపులేని ఆ ఆర్గనిస్టు గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పారిస్ నోట్రడామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో తగలబడినప్పుడూ, 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచినప్పుడూ మన పేపర్లు బాగానే వేశాయి. కాలిపోయిన కప్పు గురించి, కూలిన శిఖరం గురించి చదివాం, కానీ ఆ మంటల్లోంచి బయటపడ్డ పెద్ద ఆర్గాన్ (గొట్టాల్లోకి గాలి పంపి చేతులతో, కాళ్లతో వాయించే వాద్యం) గురించి, దాదాపు 8 వేల గొట్టాలకి పట్టిన సీసం దుమ్మంతా విప్పి తుడిచి మళ్లీ బిగించిన పని గురించి నేను చదివిన వాటిల్లో ఎక్కడా లేదు. దాన్ని 37 ఏళ్లు వాయించిన లూయీ వియెర్న్ పేరైతే అసలే లేదు.

ఈయన 1870లో పుట్టారు, పుట్టుకతోనే కళ్లల్లో శుక్లాలు, చిన్నప్పుడు ఆపరేషన్ చేస్తే ఏదో కొద్దిగా కనపడేదంతే. పారిస్‌లో అంధుల స్కూల్లో చదివి, 1900లో పోటీలో నెగ్గి నోట్రడామ్ ఆర్గనిస్టు అయ్యారు. 1906లో రోడ్డు మీద పడి కాలు విరిగితే పెడల్స్ తొక్కడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కొడుకూ, తమ్ముడూ పోయారు. ఇన్ని పడి కూడా ఆర్గాన్‌కి ఆరు సింఫనీలు (పెద్ద సంగీత రచనలు) రాశారంటే మామూలు మనిషి కాదండీ. 1937 జూన్ 2న కచేరీ చేస్తూ, అంధులు చదివే బ్రెయిలీ చుక్కల లిపిలో ఇచ్చిన ఒక బాణీని వేళ్లతో తడిమి చదువుకుని వాయించబోతూ ఆర్గాన్ దగ్గరే కుప్పకూలిపోయారు.

నేను ఇదంతా రాస్తున్నది ఆ బ్రెయిలీ లిపి కోసమే. దాన్ని కనిపెట్టిన లూయీ బ్రెయిలీ కూడా పారిస్ చర్చిల్లో ఆర్గాన్ వాయించినవాడే, 1829లో వేసిన మొదటి పుస్తకంలోనే సంగీతం రాసే పద్ధతి కూడా పెట్టాడు. ఒక్కో గుర్తుకుండే ఆరు చుక్కల్లో పై నాలుగూ ఏ స్వరమో చెప్తాయి, కింది రెండూ ఎంతసేపు పలకాలో చెప్తాయి, అంతే. మా చర్చి క్వయర్‌లో కీబోర్డ్ వాయించే అబ్బాయికి చూపు లేదు, చెవి అద్భుతం, కానీ కొత్త పాట వస్తే ఫోన్‌లో పెట్టుకుని ఆపుతూ వెనక్కి జరుపుతూ పట్టుకోవాల్సిందే, ఎడమ చెయ్యి ఏం వాయిస్తోందో సరిగ్గా వినపడకపోతే ఊహించుకోవడమే. ఇలాంటి లిపి ఒకటుందని వాడికి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు, అదే నాకు చాలా బాధగా అనిపించింది.

అందుకని మీకో విన్నపం. వియెర్న్ గురించి ఆదివారం అనుబంధంలో ఒక మంచి వ్యాసం వేయండి. దాంతోపాటు మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత కళాశాలల్లో, అంధుల స్కూళ్లలో బ్రెయిలీలో సంగీతం చదవడం, రాయడం నేర్పే మాస్టార్లు ఎంతమంది ఉన్నారో మీ రిపోర్టర్లతో కనుక్కుని ఆ లెక్క కూడా పక్కనే వేయండి. లేకపోతే ఆ పోస్టులు ఎప్పుడిస్తారో మంత్రి గారినే అడగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజమండ్రి