బోర్డు మీద మిగిలింది రెండక్షరాలే

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పది పదిహేను రోజుల క్రితం మీ జిల్లా పేజీలో భువనగిరి కోట గురించి వచ్చిన కథనంలో ‘కాకతీయులు నిర్మించిన ఈ కోట’ అని రాశారు. ఈమధ్య పత్రికల్లో అలవాటైపోయిన అచ్చుతప్పులతో పాటు దాన్నీ దిగమింగి ఊరుకున్నాను. మొన్న ఆదివారం పాత స్నేహితులం నలుగురం నల్లగొండ నుంచి వెళ్ళి ఆ గుట్ట ఎక్కి దిగిన తరువాత మాత్రం ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ కోటను కట్టించినవాడు, 1076లో సింహాసనమెక్కి కల్యాణి రాజధానిగా యాభై ఏళ్ళు ఏలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ పేరు మీద త్రిభువనగిరి అయిన గుట్ట జనం నోట భువనగిరిగా నిలిచింది. అప్పటికి కాకతీయులు చాళుక్యులకు సామంతులు. రుద్రదేవుడు తన స్వాతంత్ర్యాన్ని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో చాటింది 1163లో. తరువాతి కాలంలో కోట కాకతీయుల ఏలుబడిలోకి వచ్చిన మాట నిజమే గాని, ఇల్లు చేతికొచ్చినవాడు ఇల్లు కట్టినవాడు కాడు కదా!

ఇంతా చేసి, అక్కడికి వెళ్ళాక మీ విలేకరిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన మాత్రం ఎక్కడ చూసి తెలుసుకోవాలి? మొదటి దర్వాజా దగ్గరున్న రేకు బోర్డు నిండా మేకుతో గీకిన పేర్లు, బాణం గుచ్చిన గుండె బొమ్మలు, ఎవరిదో ఫోన్ నంబరు. కళ్ళద్దాలు తుడుచుకుని వెతికితే పై వరుసలో ‘త్రిభు’ అన్న రెండక్షరాలు దొరికాయి. మిగతా చక్రవర్తిని తుప్పు తినేసింది.

మోకాళ్ళు పట్టుకుని, నాలుగు మెట్లకొకసారి కూర్చుంటూ పైకి చేరేసరికి, ఒక పెద్దమనిషి తన మనవలకు ఈ కోటను నిజాం కట్టించాడనీ, ఇక్కడి నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందనీ చెబుతున్నాడు. 1708లో వరంగల్లును, ఆ తరువాత కొద్ది నెలలకే భువనగిరిని కొల్లగొట్టి మొగలాయి అధికారులకు నిద్ర లేకుండా చేసిన సర్వాయి పాపన్న పేరు అక్కడ ఎత్తినవారు లేరు. తాళ్ళు కట్టుకుని బండ ఎక్కుతున్న పిల్లలకు మాత్రం, 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఈ బండ మీదే సాధన చేసిందని తెలుసు. ఆ రోజు నా మనసుకు చల్లగా తగిలిన మాట అదొక్కటే.

మర్నాడు ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే అది తమ పరిధి కాదన్నారు. వారు చెప్పిన రెండో కార్యాలయం వారు బోర్డుకు ఎస్టిమేట్ పంపామనీ, మంజూరు రావాలనీ సెలవిచ్చారు. అర్ధ శతాబ్దం ఏలినవాడికి గజం రేకు మంజూరు చేయడానికి ఎన్ని సంతకాలు కావాలో మరి! మన ఊళ్ళలో ఏ మూల చూసినా, మురుగుకాలువ ప్రారంభించినా సరే, నల్లరాతి శిలాఫలకం చెక్కుచెదరకుండా మెరుస్తూ ఉంటుంది. ఎవరి పేరు ముందుండాలో, ఎవరి పేరుకు ముందు ‘గౌరవనీయులు’ ఉండాలో ప్రోటోకాల్ చూసి మరీ చెక్కిస్తారు. ఒకరి పేరు కింది వరుసలోకి పోతే ధర్నాలు జరిగిన ఊళ్ళు కూడా ఉన్నాయి. త్రిభువనమల్లుడి తరఫున ధర్నా చేసేవారెవరూ లేకపోవడమే ఆయన చేసుకున్న పాపం కాబోలు.

దయచేసి మీరు సవరణ వేయండి. వేస్తే కత్తిరించి, అట్టకు అంటించి, మళ్ళీ వెళ్ళినప్పుడు గుట్ట కింద టికెట్లు ఇచ్చే అబ్బాయికి ఇచ్చివస్తాను. కోట ఎవరు కట్టించారని మేము అడిగితే, ‘బోర్డు చూడండి సార్’ అన్నాడు పాపం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ