ఆ 50 హెర్ట్జ్ మోతను చెరిపేయకండి

సంపాదకులు గారికి,

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్ళల్లో అటకల మీదున్న 1980ల నాటి బ్రేక్ డాన్స్ క్యాసెట్లు ఈమధ్య కిందికి దిగుతున్నాయి. అవి విని గంతులేసిన పిల్లలు ఇప్పుడు 50 దాటినవాళ్ళు. ఆ పాటలను ఫోనులోకి ఎక్కించుకోవాలని వాళ్ళ ఆరాటం. సంతోషించాల్సిన విషయమే. కానీ ఎక్కించే తీరులో ఒక పొరపాటు జరుగుతోంది. దానికి అందరికన్నా ఎక్కువగా బలవుతున్నది ఆ తరం ప్రాణంగా విన్న ‘ప్లానెట్ రాక్’.

ఆఫ్రికా బంబాటా, సోల్‌సోనిక్ ఫోర్స్ బృందం 1982లో న్యూయార్క్‌లో టామీ బాయ్ కంపెనీకి చేసిన రికార్డు అది. నిర్మాత ఆర్థర్ బేకర్, కీబోర్డు జాన్ రాబీ. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1977లో చేసిన ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ బాణీనీ, 1981 నాటి ‘నంబర్స్’ నడకనూ తీసుకుని మళ్ళీ వాయించారు. పాత రికార్డులోంచి ముక్క కోసి అతికించిన పని కాదది. మధ్యమధ్యలో ఉరిమినట్టు పడే వాద్యబృందం మోత ఫెయిర్‌లైట్ అనే ఆస్ట్రేలియా కంప్యూటర్ వాద్యంలోది. డ్రమ్ము మాత్రం రోలాండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ము యంత్రానిది. పత్రికలో చిన్న ప్రకటన చూసి, ఆ యంత్రం ఉన్నాయనను పిలిపించుకుని కొట్టించారు. ఒక చిన్న ప్రకటన సంగీతానికి చేసిన మేలు అది!

808ని 1980 నుంచి 1983 దాకా సుమారు 12,000 మాత్రమే చేశారు. ముందే రికార్డు చేసి పెట్టిన డ్రమ్ము శబ్దాలేవీ అందులో ఉండవు. ప్రతి దెబ్బా సర్క్యూట్లోనే పుడుతుంది. ముందువైపు వరుసగా 16 బటన్లు, నాలుగేసి చొప్పున ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు. ఒక్కో బటన్ తాళంలో ఒక్కో మెట్టు; ఏ బటన్ నొక్కితే ఆ మెట్టు మీద దెబ్బ పడుతుంది. బేస్ డ్రమ్ముకు ‘డికే’ అని ఒక నాబ్ ఉంటుంది. తక్కువలో పెడితే ‘దుక్’ అని ఆగిపోతుంది, పూర్తిగా తిప్పితే ‘దుమ్మ్మ్’ అని గదంతా సాగుతుంది. ఆ సాగే మోత 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 50 కంపనాల దగ్గర పలుకుతుంది.

మన ఇళ్ళకొచ్చే కరెంటూ 50 హెర్ట్జే. చిక్కంతా ఇక్కడే. పాత డెక్కును, అంటే క్యాసెట్ ప్లేయరును, కంప్యూటరుకు కలపగానే ఆ కరెంటు రొద గుయ్యిమని వస్తుంది. ఎక్కించేవాళ్ళు దాన్ని పోగొట్టడానికి సాఫ్ట్‌వేర్‌లో హమ్ తీసేసే ఫిల్టర్ నొక్కేస్తారు. గొంతు, వేణువు, వయొలిన్ అంతకు చాలా పైన పలుకుతాయి కాబట్టి సినిమా పాటలో తేడా తెలియదు. ఈ రికార్డులో మాత్రం రొదతోపాటు డ్రమ్మూ కొట్టుకుపోతుంది. ‘చిన్నప్పుడు అదిరిపోయేది, ఇప్పుడు వింటే డొల్లగా ఉంది’ అని చాలామంది నొచ్చుకుంటున్నారు. ఆ డొల్లతనం రికార్డుది కాదు, వాళ్ళ చెవులదీ కాదు. మోత టేపు మీద ఇంకా ఉంది.

కాబట్టి రొదను పుట్టేచోటే ఆపాలి. డెక్కునూ కంప్యూటరునూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి నడపండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పెట్టండి, చాలాసార్లు అంతటితో రొద పోతుంది. షీల్డు (రొదను అడ్డుకునే లోహపు తొడుగు) ఉన్న వైరు వాడి, దాన్ని అడాప్టర్లకు దూరంగా ఉంచండి. డెక్కులో లైన్ అవుట్ (శబ్దాన్ని వేరే యంత్రానికి పంపే సాకెట్టు) ఉంటే అక్కడినుంచే తీసుకోండి. హెడ్‌ఫోన్ సాకెట్టే దిక్కయితే వాల్యూం సగానికి మించొద్దు. ల్యాప్‌టాప్ మైకు సాకెట్లో గుచ్చితే శబ్దం పగులుతుంది, పైగా రెండు ఛానళ్ళు ఒకటైపోతాయి. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె కొనుక్కోవాల్సిందే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు పెట్టుకోండి; మీటరు ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. నిమిషానికి 17 ఎంబీ, 60 నిమిషాల క్యాసెట్‌కు దాదాపు 1 జీబీ అవుతుంది. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. ఫలితాన్ని ఫోను స్పీకర్లో విని తీర్పు చెప్పకండి, అంత చిన్న స్పీకరు ఆ మోతను పలకలేదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి.

అంతకన్నా ముందు డెక్కు సంగతి. ఏళ్ళ తరబడి వాడని డెక్కులో రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీలకు అంటుకుని ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దాన్ని తుడిచి కొత్త బెల్టు వేయాలి. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డునూ అదే ఆల్కహాల్‌తో తుడవాలి. టేపును నొక్కి తిప్పే రబ్బరు రోలర్‌కు మాత్రం ఆల్కహాల్ పెడితే గట్టిపడి పగుళ్ళిస్తుంది, దానికి సబ్బునీళ్ళ గుడ్డ చాలు. వేగం చూడ్డానికి గడియారం ముందు పెట్టుకుని దెబ్బలు లెక్కపెట్టండి. ఈ పాట నిమిషానికి దాదాపు 127 దెబ్బలు నడుస్తుంది. 120కి పడిపోయినా 135కి ఎగబాకినా ముందు డెక్కునే అనుమానించాలి. మోటారు వెనక చిన్న రంధ్రంలో సన్న స్క్రూడ్రైవరు పెట్టి సరిచేయాలి. హెడ్డు పక్కన, దాని వంపును సరిచేసే, స్ప్రింగు ఉన్న స్క్రూ ఒకటుంటుంది. దాని అసలు స్థానాన్ని గోళ్ళరంగుతో గుర్తుపెట్టుకుని, కొద్దికొద్దిగా తిప్పుతూ పాటలోని చప్పట్ల శబ్దం వినండి. అది పొడిగా, పదునుగా పలికినచోట ఆపేయండి.

ఇక క్యాసెట్. శబ్దం వస్తూపోతూ మసకగా ఉంటే, టేపును హెడ్డుకు ఆనించి ఉంచే లోపలి ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటుంది. ఐదు స్క్రూలు విప్పి, పనికిరాని క్యాసెట్లోని ముక్కను దీనికి మార్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే మన వానలకు టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అలాంటిదాన్ని వెంటనే ప్లే చేస్తే బూజు హెడ్డుకు పట్టి, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో రెండు వారాలు ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, నూగు రాలని పొడిగుడ్డతో టేపును మెల్లగా తుడుస్తూ చుట్టాలి. ఎండలో పెట్టొద్దు. మనవైపు చాలామంది బియ్యం డబ్బాలో దాస్తున్నారు, అదీ తప్పే. బియ్యానికున్న పిండి టేపు చుట్ల మధ్యకు చేరి గీతలు పెడుతుంది.

జిల్లా గ్రంథాలయాల్లో నెలకొక రోజు ఒక బల్ల వేసి, బాగుచేసిన డెక్కు ఒకటి పెడితే ఈ పనంతా ప్రతి ఇంటివాళ్ళూ విడిగా పడనక్కర్లేదు. అధికారులు ఆలోచించాలని మనవి. ఈలోగా మీ క్యాసెట్ పై అంచున రెండు ప్లాస్టిక్ చెవులు ఇంకా ఉంటే వాటిని ఇప్పుడే విరిచేయండి. అవి ఉన్నంతకాలం, పొరపాటున రికార్డు బటన్ నొక్కుకుంటే పాటంతా చెరిగిపోతుంది.

– ఒక పాఠకుడు, మూలాపేట, నెల్లూరు