నాన్నగారిని లేపినవాళ్లకీ, నడిపిస్తున్నవాళ్లకీ

పోయిన నెల ఎంవీపీ కాలనీ రైతు బజార్లో మా నాన్నగారు పడిపోయినప్పుడు ఆదుకున్న అందరికీ దండాలు. ముఖ్యంగా ఆకుకూరలమ్మే ఆవిడకి. ఆయన గబుక్కున లేవబోతుంటే "కంగారెందుకు తాతగారూ, ముందు కూకోండి" అని గోనెపట్టా పరిచి కూర్చోబెట్టిందట. ఇంటిదాకా దింపి డబ్బులు పుచ్చుకోని ఆటో అబ్బాయికి కూడా. మోచెయ్యి గీరుకుపోయిందంతే, ఎముకలకేం కాలేదు.

నేల తడిగా లేదు, చెప్పులు కొత్తవి, మరెలా పడ్డారో మాకు అంతుపట్టలేదు. సీతమ్మధారలో ఫిజియోథెరపీ చేసే మేడంగారు మాత్రం "పడేటప్పుడు ఏం చేస్తున్నారు?" అనడిగారు. ఫోన్లో మా అత్తకి వంకాయల ధర చెబుతున్నారు! మేడంగారు నాన్నగారిని కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నారు. బాగానే చేశారు. ఈసారి 100 లోంచి మూడేసి తీసేస్తూ నడవమన్నారు. నాన్నగారు అకౌంట్స్‌లో రిటైరైన మనిషి. 97, 94, 91... లెక్క ఒక్కటీ తప్పలేదు. అడుగులే పొట్టివైపోయాయి, మలుపు దగ్గర నిలబడిపోయారు.

వయసులో ఉన్నప్పుడు నడక దాదాపు దానంతటదే సాగిపోతుందట. వయసు మళ్లాక అడుగులకి మెదడు ముందుభాగం ఎక్కువగా పూనుకోవాలి. మాటకీ లెక్కకీ కావలసిందీ అదే. రెండూ ఒకేసారి మీదపడితే ఏదో ఒకటి చెడుతుంది, మా నాన్నగారికి లెక్క ముఖ్యం మరి! 1997లో స్వీడన్ పరిశోధకులు 58 మంది వృద్ధుల్ని పరీక్షిస్తే, నడుస్తూ మాట్లాడాల్సొచ్చినప్పుడు ఆగిపోయినవాళ్లు 12 మంది. ఆరు నెలల్లో వాళ్లలో 10 మంది పడ్డారు. ఆగనివాళ్లలోనూ కొందరు పడ్డారు కాబట్టి ఇదొక్కటే కొలత కాదని కూడా ఆవిడే చెప్పారు.

నిద్రమాత్ర గురించి డాక్టరుగారిని అడగమన్నదీ ఆవిడే. కొన్నింటి మగత తెల్లారినా వదలక మనిషిని తూలేలా చేస్తుందట. డాక్టరుగారు నాన్నగారి మాత్ర మార్చారు. ఇప్పుడు రోజూ వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఆ తర్వాత కూరల పేర్లు చెబుతూ హాల్లో నడవటం. పక్కన నేనో అమ్మో ఉంటాం. ఫోన్ మోగితే ముందు ఆగాలి, తర్వాతే ఎత్తాలి.

చివరగా, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే నాన్నగారి మిత్రబృందానికి. విషయం చెప్పగానే "రాజకీయాలన్నీ ఇక బెంచీ మీదే" అని తీర్మానించేశారు. నడక తగ్గి బెంచీ ఎక్కువైందని అమ్మ ఫిర్యాదు, అది మీరూ మీరూ తేల్చుకోండి.