టికెట్ ఎవరిస్తారు?

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదురా. ఇరవై రెండేళ్లు జెండా మోసినవాడివి. పోలింగ్ ఏజెంటుగా తెల్లవారుజామున నాలుగింటికే లేచి బూత్‌కి పరిగెత్తినవాడివి. పోయినసారి జెడ్పీటీసీ బీ-ఫారం, ముందు రోజు రాత్రి కండువా కప్పుకున్నవాడి చేతిలో పెట్టారు. ఈసారీ అదే జరిగేలా ఉందన్నావు. అంతా చెప్పుకుని చివర్లో అడిగావు చూడు, "మరి మీ అమెరికాలో టికెట్ ఎవరిస్తారురా?" అని. ఆ మాట నన్ను వదల్లేదు. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నేను కళ్లారా చూసింది ముందు చెప్తాను. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది 2019లో. మరుసటి ఏడాది ఫిబ్రవరి 3, సోమవారం రాత్రి, మా అయోవా రాష్ట్రంలో డెమొక్రాట్ల కాకస్. ఇక్కడి రెండు పెద్ద పార్టీల్లో వాళ్లదొకటి. కాకస్ అంటే పేటలోని పార్టీవాళ్లంతా ఒకచోట చేరి, మా అధ్యక్ష అభ్యర్థి ఫలానావాళ్లు కావాలని తేల్చుకోవడం. మాది దగ్గర్లోని స్కూల్ జిమ్‌లో పెట్టారు. బయట మంచు, లోపల బాస్కెట్‌బాల్ కోర్టు. గోడల వెంట అభ్యర్థుల పేర్లతో అట్టలు అంటించారు. ఎవరికి ఎవరు నచ్చితే వాళ్లు ఆ అట్ట కింద నిలబడాలి, అంతే. చాటుమాటు లేదు, అందరి ముందే. నేను ఎలిజబెత్ వారెన్ వైపు నిలబడ్డాను. మా అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్లే. నవంబరు ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండుతాయంటే కాకస్‌కి రానిస్తారు. అది నా చెయ్యి వదిలించుకుని ఎదుటి గోడకి, బెర్నీ సాండర్స్ గుంపులోకి వెళ్లి నిలబడింది. కోర్టుకి ఆ చివర అది, ఈ చివర నేను. నా కళ్లు చెమర్చాయిరా.

ఆ జిమ్‌లో మూడు వందల మందిమి ఉన్నాం. గుంపు నిలవాలంటే పదిహేను శాతం, అంటే నలభై ఐదు మంది ఉండాలి. ఎమీ క్లోబుచార్ అట్ట కింద నలభై ఒక్కరే తేలారు. మా వీధి చివర ఇంట్లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఆ గుంపులోనే ఉంది. 1976లో జిమ్మీ కార్టర్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పటి నుంచీ ఒక్క కాకస్ కూడా తప్పలేదట. నిలిచిన గుంపులు ఇక కదలకూడదు, నిలవని గుంపులోవాళ్లు మాత్రం ఇంకో వైపుకి మారొచ్చు. ఇక చూడు, నాలుగు వైపుల నుంచీ ఆవిడ చుట్టూ చేరారు. మందుల ధరల గురించి ఒకరు, పిల్లల చదువు అప్పుల గురించి ఇంకొకరు. ఆవిడ అందరి మాటా విని, చేతికర్ర ఊతంగా నెమ్మదిగా నడిచి పీట్ బుటిజెజ్ వైపుకి వెళ్లింది. ఒక్క ముసలావిడ మనసు మార్చడానికి అంత మంది అంత మర్యాదగా మాట్లాడటం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆ రాత్రి లెక్కలు పంపడానికి పెట్టిన ఫోన్ యాప్ పనిచేయక ఫలితాలు రోజుల తరబడి రాలేదు. పార్టీ పరువు పోయింది. 2024లో డెమొక్రాట్లు అయోవాకి మొదటి స్థానం తీసేశారు, కార్డులు పోస్టులో పంపించుకోమన్నారు. ఆ జిమ్ రాత్రి ఇక లేదంటే నాకు ఇప్పటికీ దిగులే.

చాలా రాష్ట్రాల్లో కాకస్ ఉండదు, ప్రైమరీ ఉంటుంది. అది మామూలు పోలింగే, రహస్య బ్యాలెట్. ఓట్లని బట్టి ఒక్కో అభ్యర్థికి డెలిగేట్లు, అంటే ప్రతినిధులు, వస్తారు, వాళ్లంతా వేసవిలో పార్టీ మహాసభకి వెళ్లి అభ్యర్థిని ఖాయం చేస్తారు. రాష్ట్రాలు వరసగా ఓటేస్తాయి కాబట్టి మధ్యలో గాలి మారిపోతుంది. 2020లో మా దగ్గర బైడెన్‌ది నాలుగో స్థానం. అయిపోయాడన్నారు. నెల తిరక్కుండా సౌత్ కరోలైనాలో నల్లజాతి ఓటర్లు ఆయన్ని నిలబెట్టారు.

అయితే ఇది మొదట్నుంచీ ఇలా లేదురా. నువ్వు తెలుసుకోవాల్సింది ఇదే. 1968లో డెమొక్రాట్ల అభ్యర్థి హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయలేదు. పార్టీ పెద్దలే ఆయనకి టికెట్ ఇచ్చారు. వియత్నాం యుద్ధం వద్దన్న కుర్రాళ్లని షికాగో వీధుల్లో పోలీసులు చితక్కొడుతుంటే, లోపల మహాసభ నడిచింది. ఆ నవంబరులో హంఫ్రీ ఓడిపోయాడు. కార్యకర్తల కోపం చూశాకే పార్టీ నియమాలు మార్చుకుంది, 1972 నుంచి మాట జనానిదైంది. అంటే, అడిగితే వచ్చింది. ఇప్పటికీ అంతా జనం చేతిలో లేదనుకో. 2024 జూలైలో బైడెన్ తప్పుకుంటే, కమలా హారిస్‌కి డెలిగేట్లే టికెట్ ఇచ్చారు. ఉపాధ్యక్షుడి సంగతైతే అభ్యర్థి ఇష్టమే. మీ పక్కన వడ్లూరు మూలాలున్న ఉష గారి భర్త వాన్స్‌ని ఎంచుకుంది ట్రంప్ ఒక్కడే.

ఎక్కువ ఓట్లొచ్చిన హిల్లరీ ఎలా ఓడిందన్నావుగా. 2018 కర్ణాటక గుర్తు తెచ్చుకో. ఓట్ల శాతం కాంగ్రెస్‌కి ఎక్కువ, సీట్లు బీజేపీకి ఎక్కువ. ఇక్కడ సీట్ల బదులు ఎలెక్టర్లు, అంటే రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్లు. మొత్తం 538, గెలవాలంటే 270. కాలిఫోర్నియాకి 54, మా అయోవాకి 6. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా అక్కడి ఎలెక్టర్లంతా ఆ ఒక్కరికే. 2016లో హిల్లరీకి దేశం మొత్తమ్మీద దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 78 వేల తేడాతో పోయాయి. ఇది నాకు మింగుడుపడదు. కాలిఫోర్నియాలో మా తమ్ముడింటికి ప్రచారానికి ఒక్కరూ రారు, పెన్సిల్వేనియాలో ఉన్న మా మరదలి ఇంటి తలుపు వారానికి నాలుగుసార్లు కొడతారు.

అన్నట్టు, చెల్లెమ్మ చెప్పింది. పోయిన వారం మండల మీటింగ్‌లో నువ్వు లేచి, "ఊరి కార్యకర్తల్ని అడిగి అభ్యర్థిని పెట్టండి" అన్నావటగా. నాకు చెప్పనే లేదు! వాళ్లేమన్నారు? నీ వెనకాల ఎంతమంది లేచారు? అంతా వివరంగా రాయి.

నీ
మూర్తి