ఆఫ్రికా విద్యార్థులకు చమురు చదువు

సంపాదకులకు నమస్కారం.

నైజీరియా 1973లోనే పెట్రోలియం టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌ను నెలకొల్పింది. నేటికీ దాని ద్వారా తన యువతను విదేశాల్లో ఎం.ఎస్సీ., పీహెచ్.డీ. చదివిస్తోంది. చమురు తమ నేలలో ఉండగా దాన్ని వెలికితీసే విద్య మాత్రం పరాయి కంపెనీల చేతుల్లోనే మిగిలిపోకూడదన్న ఆ పట్టుదల మెచ్చదగినది. 2010లో చమురు ఉత్పత్తి మొదలుపెట్టిన ఘనాకూ, 2006లో నిల్వలు బయటపడిన ఉగాండాకూ ఇదే అవసరం ఉంది.

మొజాంబిక్‌లోని రోవుమా గ్యాస్ క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు వాటా ఉంది గనుక, అక్కడి పట్టభద్రులకు ధన్‌బాద్ ఐఐటీ వంటి చోట్ల ఉపకార వేతనాలిచ్చే బాధ్యతను మన ప్రభుత్వరంగ చమురు సంస్థలు తీసుకోవాలి. ఫీజు ఒక్కటే కడితే చాలదు. ప్రయాణం, వసతి, పరిశోధన ఖర్చులు కూడా భరించకపోతే పేదింటి బిడ్డలు ఆ చదువు దాకా రాలేరు.

ఫ్లోరైడ్ నీళ్లతో తరాల తరబడి ఎముకలు వంగిపోయిన జిల్లా వాసిగా మరొకటి కోరుతున్నాను. కారణాలు వేరే అయినా, నీరు చెడితే ఊళ్లు ఏమవుతాయో మాకు తెలుసు. చమురు కాలుష్యానికి గురైన నైజీరియాలోని ఒగోనీలాండ్‌ను బాగుచేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2011లో తేల్చింది కాబట్టి, ఈ ఉపకార వేతనాలతో చదివే ప్రతి విద్యార్థికీ భూగర్భజల రక్షణను తప్పనిసరి పాఠ్యాంశం చేయాలి.

— ఒక పాఠకుడు, నల్గొండ