శనివారం ఫేషియల్ ప్రాక్టికల్: ముందుగా చేయవలసినవి

అందరికీ నమస్కారం. శనివారం ఉదయం 10 గంటలకు ఫేషియల్ ప్రాక్టికల్ ఉంది కాబట్టి, ప్రతి ఒక్కరూ గోళ్లు కత్తిరించుకుని, ఉతికిన ఏప్రాన్, రెండు తువ్వాళ్లు, హెడ్‌బ్యాండ్ తీసుకుని 9:45కే రావాలి.

మోడల్‌గా వచ్చేవారికి గురువారమే మోచేతి లోపలివైపు కొద్దిగా క్రీము రాసి, 24 గంటల తర్వాత ఎర్రబడిందా, దురద పెట్టిందా అని చూసి రికార్డు పుస్తకంలో నమోదు చేయండి. పోయిన తరగతిలో ఒకరి చెంపపై దద్దుర్లు లేచాక గాని ఈ ప్యాచ్ టెస్ట్ విలువ మనకు తెలిసిరాలేదు. ఈసారి అది లేకుండా ఎవరి ముఖాన్నీ తాకవద్దు.

రెటినాయిడ్ (విటమిన్ ఎ రకపు) క్రీములు వాడుతున్నవారికి, చీము పట్టిన మొటిమలున్నవారికి స్క్రబ్ చేయకూడదు. డబ్బాలోని క్రీమును వేళ్లతో కాక స్పాచులాతోనే (చిన్న చదునైన గరిటెతో) తీయాలి.

మోడల్ దొరకనివారు బుధవారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేస్తే నేను జత కుదురుస్తాను. రికార్డు పుస్తకం మరచిపోకండి.